నడుం నొప్పీ, నూరు శాతం ఫిట్‌నెస్సూ

తుమ్మాను. అంతే. బరువులెత్తలేదు, జిమ్ముకెళ్ళి గొప్పలకి పోలేదు, బండి మీంచి పడలేదు. 2022 నవంబరులో ఒక సోమవారం పొద్దున్న వాష్ బేసిన్ మీదకి వంగి పళ్ళు తోముకుంటూ తుమ్మాను. నడుం దగ్గర ఏదో కలుక్కుమంది. ఆ తర్వాత ఇరవై నిమిషాలు బాత్రూం గచ్చు మీద బకెట్ పట్టుకుని, లేవలేక అలాగే పడి ఉన్నాను. తొమ్మిదిన్నరకి స్టాండప్ మీటింగ్. స్టాండప్ అట! మా ఆవిడ ఫోన్ తెచ్చిస్తే పడుకునే స్టేటస్ చెప్పాను, "శుక్రవారం డిఫెక్టు క్లోజ్ చేశాను, బ్లాకర్స్ ఏం లేవు" అని. పద్ధెనిమిదేళ్ళ సర్వీసులో నేనాడిన పెద్ద అబద్ధాల్లో అదొకటి.

నా నడుం కథ చెప్పుకోడానికి ఇది రాయడం లేదు. నడుం కథలు మన జనాల్లో ఎవరి దగ్గర లేవు? గచ్చిబౌలిలో ఏ ఆఫీసు కేంటీన్లోనైనా మధ్యాహ్నం ఒంటిగంటకి "అబ్బా" అని మూలిగి చూడండి, నలుగురు తలా ఒక డాక్టరు పేరు, ఒక నూనె పేరు చెప్తారు. నా గొడవ నొప్పితో కాదు. నొప్పి వచ్చిన మనిషిని పనిలో ఉంచుకోవడం చేతకాని మన కంపెనీలతో, చూడకుండానే "బెడ్ రెస్ట్" అని గిలికి పారేసే డాక్టర్లతో, "పూర్తిగా తగ్గాకే రా" అంటూ అదేదో దయ అనుకునే మనతో.

ముందు లెక్క చెప్పాలి, లేకపోతే మన వాళ్ళు నమ్మరు. 2020 నాటికి ప్రపంచంలో నడుం నొప్పితో ఉన్నవాళ్ళు సుమారు 61.9 కోట్ల మంది. 2050కి అది 84.3 కోట్లకి చేరుతుందని అంచనా. జనం వైకల్యంతో గడిపే సంవత్సరాలు కూడితే అన్ని జబ్బుల్లోకీ పైన ఉండేది ఇదే. కేన్సర్లూ గుండె జబ్బులూ మనిషిని చంపుతాయి కాబట్టి వాటికో మర్యాద ఉంది. ఇది చంపదు. పనిలోంచి లేపి పక్కన కూర్చోబెడుతుంది, అది కూడా సరిగ్గా సంపాదించే వయసులో. కూర్చోబెడుతుంది అన్నానా? కూర్చోనివ్వదు కూడా :)

సరే, డాక్టరు దగ్గరికి వెళ్ళాను. నన్ను తాకడానికి ముందే ఎమ్మారై రాశాడు. రిపోర్టు వచ్చింది: ఎల్4-ఎల్5 దగ్గర డిస్క్ బల్జ్, రెండు చోట్ల డిస్క్ డీజెనరేషన్. డీజెనరేషన్ అన్న మాట చదివితే ఎలా ఉంటుందో చదివిన వాడికే తెలుస్తుంది. ఇంటికొచ్చి మంచం మీద వాలి, హోం లోన్ ఇంకా పన్నెండేళ్ళుంది కదా అని లెక్కలేసుకున్నాను. ఎవరూ చెప్పని సంగతి ఏంటంటే, ఆ మాటలు నడుం నొప్పి ఎప్పుడూ లేనివాళ్ళ రిపోర్టుల్లో కూడా ఉంటాయి. 1994లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక పరిశోధన వచ్చింది. నడుం నొప్పి లేని 98 మందికి ఎమ్మారై తీస్తే, డిస్కులన్నీ మామూలుగా ఉన్నవాళ్ళు 36 శాతమే. 2015లో ఇలాంటి అధ్యయనాలన్నీ కలిపి చూశారు. ఏ నొప్పీ లేని ఇరవయ్యేళ్ళ వాళ్ళలోనే 37 శాతం మందికి డిస్క్ డీజెనరేషన్ ఉంది. ఎనభై ఏళ్ళ వాళ్ళలో 96 శాతం మందికి.

మన భాషలో చెప్పాలంటే, ప్రొడక్షన్ సర్వర్ లాగ్ తెరిస్తే ఎప్పుడూ వెయ్యి వార్నింగులు ఉంటాయి. సర్వర్ పడిపోయిన రోజున ఆ లాగ్ మొదటిసారి తెరిచి, "ఇదిగో, ఈ వార్నింగ్ వల్లే" అనేవాడిని మనం ఏమంటాం? ఫ్రెషరంటాం. డాక్టరంటే మాత్రం దణ్ణం పెట్టి ఏడెనిమిది వేలు కట్టి వస్తాం.

ఎమ్మారై ఎప్పుడూ వద్దని కాదు. ఒంటికి రెండు రాగానే, చీటికి విరేచనానికి కూర్చునే చోట తిమ్మిరి పట్టినా, ఒంటేలు ఆగిపోయినా, రెండు కాళ్ళూ బలహీనపడుతున్నా ఆ రాత్రే ఆస్పత్రికి పరిగెత్తాలి, తెల్లారేదాకా ఆగకూడదు. జ్వరం, అకారణంగా బరువు తగ్గడం, ఇదివరకు కేన్సర్ రావడం, గట్టి దెబ్బ తగలడం, వీటికీ పరీక్షలు కావాలి. కానీ నడుం నొప్పుల్లో నూటికి తొంభై దాకా ఫలానా ఎముక, ఫలానా డిస్కు కారణం అని వేలు పెట్టి చూపించలేనివే. వాటిలో ఎక్కువ భాగం ఆరు వారాల్లో బాగా తగ్గుముఖం పడతాయి. మళ్ళీ వస్తాయి కూడా, అది వేరే సంగతి.

ఇక ఆయన రాసిన రెండో ముక్క, మూడు వారాల బెడ్ రెస్ట్. 1995లోనే హెల్సింకీ నగర ఉద్యోగుల్లో 186 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి రెండ్రోజులు మంచం. ఒక గుంపుకి నడుం వ్యాయామాలు. మూడో గుంపుకి, నొప్పి ఓర్చుకోగలిగినంత మేరకు మీ పనులు మీరు చేసుకోండి అన్నారు. త్వరగా కోలుకున్నది మూడో గుంపు. మంచం పట్టినవాళ్ళు అందరికంటే వెనకబడ్డారు, అదీ రెండ్రోజుల మంచానికే! నాకు ఇరవై ఒక్క రోజులు రాశాడు మహానుభావుడు. ముప్ఫయ్యేళ్ళ కింద తేలిన విషయం. డిస్క్ బల్జ్ అన్న రెండు మాటలూ నేర్చుకోడానికి నాకు పదినిమిషాలు పట్టింది, ఈయనకి ఆ మూడు గుంపుల సంగతి ఇన్నేళ్ళూ చేరలేదు. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలిక నడుం నొప్పికి మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో మామూలుగా వాడొద్దని చెప్పినవాటిలో నడుం బెల్టూ ఉంది, ట్రాక్షనూ ఉంది. మన ఆఫీసుల్లో చొక్కా కింద బెల్టు కట్టుకున్నవాళ్ళు ఎంతమందో లిఫ్టులో వాళ్ళు నిలబడే తీరు చూసి చెప్పేయొచ్చు.

(మా ఊళ్ళో దీనికి వేరే వైద్యం ఉంది. ఎదురుకాళ్ళతో పుట్టినవాడి చేత నడుం మీద తన్నించుకోవాలి. అలా పుట్టిన ఒకాయనకి మా చిన్నప్పుడు మహా గిరాకీ. పని చేస్తుందని నేననను గానీ, ఒక్క మాట, ఆయన తన్నాక ఎవర్నీ పడుకోమనేవాడు కాదు.)

పదో రోజుకల్లా నాకు పడుకుంటేనే ఎక్కువ నొప్పిగా ఉంది. గంట కూర్చోగలను, ఓ పది నిమిషాలు నడవాలి, మళ్ళీ గంట. కాబట్టి రోజుకి నాలుగ్గంటలు, ఇంటి నుంచి, పని చేస్తానని మేనేజరుకి మెయిల్ పెట్టాను. ఆయన హెచ్చార్‌కి పంపాడు. హెచ్చార్ అమ్మాయి ఫోన్ చేసింది, చాలా మర్యాదగా. "సార్, సిస్టంలో ఆ ఆప్షన్ లేదు సార్. లీవ్‌లో ఉంటే లీవ్. జాయిన్ అవ్వాలంటే డాక్టర్ దగ్గర్నించి హండ్రెడ్ పర్సెంట్ ఫిట్ అని సర్టిఫికెట్ కావాలి."

హండ్రెడ్ పర్సెంట్ ఫిట్. నలభై దాటిన ఐటీ ఉద్యోగుల్లో నూరు శాతం ఫిట్ ఎవరో నాకొకసారి చూపించండి, దండేసి వస్తాను. ఆ అమ్మాయి తప్పేం లేదు. పోర్టల్ తెరిచి చూశాను, నిజంగానే రెండే రేడియో బటన్లు: ఫిట్, అన్‌ఫిట్. మనిషి శరీరాన్ని ఎవడో బూలియన్‌గా డిక్లేర్ చేసి పెట్టాడు.

నాకు ఒళ్ళు మండిన అసలు కారణం ఇది. 2011లో నేను స్వీడన్ క్లయింటు ఒకరికి పేరోల్ మాడ్యూల్ మీద పనిచేశాను. అందులో అనారోగ్యపు సెలవుకి ఒక డ్రాప్‌డౌన్ ఉండేది, నాలుగు విలువలు: 25, 50, 75, 100. అక్కడ మనిషి పావు వంతు సెలవులో ఉండి ముప్పావు వంతు పని చేయొచ్చు, చట్టమే ఉంది. ఆ నాలుగు విలువలకీ జీతం లెక్క సరిగ్గా వస్తోందా లేదా అని టెస్ట్ కేసులు రాసింది నేను. మాదాపూర్‌లో కూర్చుని, రాత్రి పదకొండుదాకా. ఉప్సాలాలో ఎవరికో నడుం పట్టేస్తే సగం రోజు పని ఎలా ఇవ్వాలో మన చేతులకి తెలుసు. మన నడుం దగ్గరికొచ్చేసరికి సిస్టంలో ఆప్షన్ లేదు!

పైగా ఇదేదో ఉద్యోగి మీద జాలితో పెట్టింది కూడా కాదు. ఫిన్లాండ్‌లో 2007 నుంచి ఇలాంటి పాక్షిక సెలవుకి భత్యం ఉంది. అక్కడ కండరాలు, కీళ్ళ నొప్పులున్న అరవై మూడు మంది మీద ప్రయోగం చేశారు. సగం రోజు పని చేస్తూ కోలుకున్నవాళ్ళు మామూలు పనిలో నిలదొక్కుకోడానికి మధ్యస్థంగా 12 రోజులు పట్టింది, పూర్తి సెలవులో ఉన్నవాళ్ళకి 20. బ్రిటన్‌లో 2010 ఏప్రిల్ నుంచి డాక్టరిచ్చే చీటీ పేరే మార్చేశారు, సిక్ నోట్ కాదు, ఫిట్ నోట్. అందులో "ఈ మార్పులు చేస్తే పని చేయగలడు" అని రాయడానికి గళ్ళుంటాయి: క్రమంగా పెంచే గంటలు, మార్చిన వేళలు, మార్చిన పని, సీటు దగ్గర సర్దుబాట్లు. ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రం ఇంకా ముందుకెళ్ళింది. 1997 నుంచి టీవీలో ప్రకటనలిచ్చింది, నడుం నొప్పొస్తే పడుకోకండి, కదులుతూ ఉండండి, పనికి వెళ్ళండి అని. నడుం నొప్పి పరిహారపు క్లెయిములు 15 శాతం పైగా తగ్గాయి. జనంతో పాటు డాక్టర్ల నమ్మకాలు కూడా మారాయి. మన టీవీల్లో నడుం నొప్పి ప్రకటన ఏదో మీకు తెలుసు, బామ్ పూస్తే హీరోయిన్ డాన్స్ చేస్తుంది.

నేను ఎలాగో బయటపడ్డాను. డాక్టర్ని బతిమాలి, నొప్పి ఉండగానే నూరు శాతం ఫిట్ అని రాయించుకుని వెళ్ళాను. అంటే పనిలో చేరడానికి నేనూ డాక్టరూ కలిసి ఒక అబద్ధం సృష్టించాం. ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గంలో దిగేదాకా నిలబడే వెళ్ళేవాణ్ణి. సీటిస్తామన్నా వద్దనేవాణ్ణి, కూర్చుంటే లేవడం కష్టమని. నన్నో త్యాగమూర్తి అనుకుని ఉంటారు.

మా టీములో ఇంకొకాయన బయటపడలేదు. పేరెందుకు, ఏలూరు వైపు మనిషి, డేటాబేసుల మీద అతనంత పట్టున్నవాణ్ణి నేను చూడలేదు. అతనికి నొప్పి కాలిలోకి దిగింది. రెండు నెలలు సెలవు, అందులో ఆరు వారాలు జీతం లేనిది. తిరిగొచ్చేసరికి అతని మాడ్యూల్ ఇంకొకరికిచ్చేశారు, అతన్ని బెంచ్ మీద పెట్టారు. ఏడాది చివర్లో రేటింగు కింది నుంచి రెండోది, "ఎవైలబిలిటీ తక్కువ" అని కారణం. తర్వాత మూడు నెలల ఇంప్రూవ్‌మెంట్ ప్లాను. నడుముని ఇంప్రూవ్ చేయాలన్నమాట, వారం వారం మైల్‌స్టోన్లతో. చివరికి అతనే పేపర్లేశాడు. "ఎందుకన్నా గొడవ, ఇంకో చోట వెరిఫికేషన్‌కి ఫోన్ చేస్తే వీళ్ళే కదా చెప్పాలి" అన్నాడు. రాజీనామాలో కారణం దగ్గర "వ్యక్తిగతం" అని ఎంచుకున్నాడు. అక్కడ మాత్రం డ్రాప్‌డౌన్‌లో చాలా ఆప్షన్లున్నాయి.

మన రంగంలో నడుం నొప్పి వల్ల ఉద్యోగం పోయినవాళ్ళు ఎంతమంది అని అడిగితే సమాధానం సున్నా. ఎందుకంటే అలా ఏ కాగితం మీదా రాయరు. నొప్పి సెలవవుతుంది, సెలవు రేటింగవుతుంది, రేటింగు రాజీనామా అవుతుంది. ప్రతి మెట్టూ విడిగా చూస్తే పద్ధతి ప్రకారమే జరిగినట్టుంటుంది. చట్టం చూద్దామా? 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. ఆ రక్షణ రాసింది ప్రభుత్వ సంస్థల ఉద్యోగులకి. ప్రైవేటు కంపెనీల వంతుకొచ్చేసరికి సమాన అవకాశాల విధానం ప్రకటించాలని ఉంది. ప్రకటిస్తారు, రిసెప్షన్‌లో ఫ్రేము కట్టించి మరీ. ఇక వచ్చీపోయే నడుం నొప్పిని ఆ చట్టం కింద వైకల్యమని నిరూపించుకోవడం మామూలు ఉద్యోగి వల్ల అయ్యే పని కాదు.

ఇక్కడ ఒకాయన లేస్తాడు, నాకు తెలుసు. "నడుం నొప్పి కనపడదు కదండీ, సగం మంది నాటకాలాడతారు." ఆడేవాళ్ళు ఆడతారు, కాదనను. కానీ ఆలోచించండి, నాటకమాడేవాడికి ఏది లాభం? జీతంతో ఇంట్లో పడుకునే మూడు వారాల బెడ్ రెస్టా, రోజూ నాలుగ్గంటలు కోడ్ రాసి చూపించాల్సిన సగం సెలవా? మన పద్ధతి దొంగకి సెలవిస్తుంది, పని చేస్తానన్నవాణ్ణి గేటు బయట ఆపుతుంది.

ఇంకొకాయన, "మా అమ్మ పొలంలో నడుం వంచి నాట్లేసింది, ఏ ఎమ్మారై తీయించుకుంది?" అంటాడు. మా అమ్మ కూడా వేసింది. పదిహేనేళ్ళు పరాయి పొలాల్లో వంగి నాట్లేసింది, ఇప్పుడు గోడ పట్టుకుని లేస్తుంది. ఆ బతుకుని గొప్ప చేసి చెప్పే ఉద్దేశం నాకు లేదు. కానీ ఒకటి గుర్తుంది. ముఠాలో ఎవరికైనా నడుం పట్టేస్తే ముఠా మేస్త్రి ఆవిణ్ణి ఇంటికి పొమ్మనేది కాదు. నారు కట్టలు అందించమనేది, గట్టు మీద పిల్లల్ని చూడమనేది. కూలిలో కొంత కోసేది, అదీ నిజమే. కానీ ముఠాలోంచి పేరు తీసేయలేదు, మర్నాడు పిలవడం మానలేదు. బడికెళ్ళని మేస్త్రికి తట్టిన సర్దుబాటు ఎంబీయేలున్న హెచ్చార్‌కి తట్టదు.

కంపెనీలేం చేయడం లేదని కాదు. కుర్చీలు కొంటున్నాయి. జూన్ 21న యోగా డే చేస్తున్నాయి, డెస్క్ దగ్గర చేతులెత్తి ఫొటోలు దిగుతున్నాం. మంచి కుర్చీ మంచిదే, నొప్పున్నప్పుడు కొంత సుఖం. అయితే కూర్చోవడమే నడుం నొప్పికి కారణమని గట్టిగా తేల్చిన ఋజువు లేదు. ఏకధాటిగా, లేవడానికి వీల్లేకుండా, ఎప్పుడు లేస్తావో నీ చేతిలో లేకుండా కూర్చోవడం వేరు. కుర్చీ కొనడానికి బడ్జెట్ ఉంటుంది, లేచే స్వేచ్ఛకి ఎవడూ బడ్జెట్ పెట్టడు. బోయింగ్ విమానాల ఫ్యాక్టరీలో 3,020 మంది కార్మికుల్ని కొన్నేళ్ళు వెంబడించి 1991లో ఫలితాలు ప్రకటించారు. తమ పనిలో దాదాపు ఎప్పుడూ ఆనందం లేదన్నవాళ్ళు నడుం గాయమైందని రిపోర్టు చేయడం, మిగతావాళ్ళ కంటే రెండున్నర రెట్లు ఎక్కువ. దీన్ని పట్టుకుని "చూశారా, నొప్పంతా మనసులోనే" అనేవాళ్ళుంటారు. కాదు బాబూ. నొప్పి నడుంలోనే ఉంది. ఆ నొప్పితో పని చేయగలవా లేదా అన్నది మాత్రం పని ఎలాంటిదో, పైవాడు ఎలాంటివాడో, వాటి మీద కూడా ఆధారపడుతుంది.

ఆ పైవాళ్ళేమంటున్నారు? 2023 అక్టోబరులో నారాయణమూర్తి గారు యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ ఛైర్మన్ సుబ్రహ్మణ్యన్ గారు 90 అన్నారు, ఆదివారాలు కూడా పని చేయించలేకపోతున్నందుకు బాధపడ్డారు. అదే ఏడాది జులైలో తెలంగాణ ప్రభుత్వం, వారానికి 48 దాటకుండా, రోజుకి పది గంటల దాకా పని చేయించుకోవచ్చని వాణిజ్య సంస్థలకి ఉత్తర్వు ఇచ్చింది. గంటలు పెంచడం గురించి ఇన్ని నోళ్ళు. నాలుగ్గంటలు చేయగలిగినవాడిచేత నాలుగ్గంటలు చేయించుకోవడం గురించి ఒక్క నోరు లేవలేదు.

నేనడిగేది ఖర్చులేని పని. ఫిట్‌నెస్ సర్టిఫికెట్లో "నూరు శాతం" అన్న ముక్క కొట్టేసి, ఏం చేయగలడో రాసే ఖాళీ పెట్టండి. సగం రోజు సెలవుల్ని వారాల తరబడి వాడుకోనివ్వండి, జీతం ఆ మేరకు కోసుకోండి, గొణగం. సెలవులో ఉన్నవాడికి మొదటి వారంలో మేనేజరు ఒక్క ఫోన్ చేయాలి, "ఎప్పుడొస్తున్నావ్" అని కాదు, "ఎలా ఉంది, ఏమేం చేయగలవు" అని. సెలవు రోజుల్ని రేటింగులో కలపడం ఆపండి. డాక్టర్లూ, మీరు కూడా, పేషెంటు ఏం పని చేస్తాడో అడిగి చీటీ రాయండి. నా డాక్టరు నన్ను అడగనేలేదు.

2024 సెప్టెంబరులో నాకు మళ్ళీ వచ్చింది. ఈసారి తుమ్ము కూడా లేదు, ఊరికే కిందపడ్డ చార్జర్ తీసుకోబోయాను. అప్పటికి కంపెనీ అదే, మేనేజరు మారాడు. ఫోన్ చేసి విషయం చెప్తే అతను, "నాకూ ఉంది బాస్, ఆరేళ్ళ నుంచి" అన్నాడు. ఆరేళ్ళు, ఎవరికీ చెప్పలేదట. మొదటి వారం రోజుకి మూడు గంటలు, తర్వాత నాలుగు, ఆరు. రివ్యూలన్నీ నడుస్తూ ఫోన్లో చేశాను. ఎమ్మారై తీయించుకోలేదు, మంచం ఎక్కలేదు. అయిదో వారానికి మామూలు గంటలకి వచ్చేశాను, రిలీజ్ తేదీ మారలేదు.

ఇదంతా మెయిల్లో పెట్టమంటే వద్దన్నాడు. పెడితే హెచ్చార్‌కి వెళ్తుంది, వాళ్ళు ఫిట్టా అన్‌ఫిట్టా అని అడుగుతారు. ఆ అయిదు వారాలూ పోర్టల్లో నేను ఫిట్‌గానే ఉన్నాను, నూరు శాతం.